వినే పుస్తకం, చదివే పుస్తకం: పగ్గం ఎవరి చేతిలో ఉంది?

ఆడియో పుస్తకం వినడం, పుస్తకం చదవడంతో సమానమేనా అన్న వాదన మొదలైతే రెండు పరిశోధనలు తప్పకుండా ముందుకు వస్తాయి. రెండూ ఎదురుబొదురుగా నిలబడతాయి కాబట్టి ఎవరికి కావలసినది వారు ఎత్తి చూపుకుంటారు.

మొదటిది 2010 నాటిది. డేవిడ్ డేనియల్, విలియం వూడీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులను రెండు జట్లుగా విడదీసి, ఒకే పాఠాన్ని ఒక జట్టుకు కాగితం మీద, మరో జట్టుకు పాడ్‌కాస్ట్‌గా ఇచ్చారు. తర్వాత పరీక్ష పెడితే, విన్నవాళ్లు చదివినవాళ్ల కంటే 28 శాతం వెనకబడ్డారు. అంతకంటే తమాషా ఏమిటంటే, మొదట్లో దాదాపు అందరూ వినే జట్టులోనే ఉంటామని ముచ్చటపడ్డారు. తీరా పరీక్ష దగ్గరపడ్డాక అడిగితే మాట మార్చి, చదివే జట్టులో ఉంటే బాగుండేదన్నారు.

రెండోది 2016లో బెత్ రొగోవ్‌స్కీ బృందం చేసినది. 91 మంది పెద్దవాళ్లకు రెండో ప్రపంచ యుద్ధానికి సంబంధించిన ఒక జీవిత కథలోని భాగాలు ఇచ్చారు. కొందరు విన్నారు, కొందరు తెర మీద చదివారు, మిగిలినవాళ్లు వింటూనే చదివారు. వెంటనే పెట్టిన పరీక్షలోనూ, రెండు వారాల తర్వాత పెట్టిన పరీక్షలోనూ మూడు జట్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

మరి ఎవరిని నమ్మాలి? నా ఉద్దేశంలో ఇద్దరినీ నమ్మవచ్చు. ఇద్దరూ కొలిచింది ఒకే విషయాన్ని అనుకోవడం వల్లనే చిక్కు వస్తోంది. ఒకరు ఇచ్చింది పాఠం, ఇంకొకరు ఇచ్చింది కథ. విద్యార్థులు పాఠాన్ని తమ వీలును బట్టి తమకు నచ్చిన చోట విన్నారు. అక్కడ వాళ్ల శ్రద్ధను కాపలా కాసేవారు లేరు. పాఠంలో ఒక వాక్యం తలకెక్కకపోతే తర్వాతి నాలుగు వాక్యాలూ గాల్లో కలిసిపోతాయి. కథలో ఒక వాక్యం జారిపోయినా తర్వాతి సంఘటన మనల్ని చేయిపట్టి లాక్కుపోతుంది.

ఈ విషయంపై వచ్చిన పరిశోధనలన్నిటినీ ఒకచోట చేర్చి లెక్కకట్టిన పని కూడా జరిగింది. 2022లో వర్జీనియా క్లింటన్-లిసెల్ 46 అధ్యయనాల ఫలితాలను కలిపి చూశారు. మొత్తం మీద వినడానికీ చదవడానికీ గ్రహింపులో తేడా లేదని తేలింది. కానీ అదే లెక్కను విడదీసి చూసినప్పుడు రెండు మెలికలు బయటపడ్డాయి. చదివేవాళ్లకు తమ వేగాన్ని తామే నిర్ణయించుకునే వీలు ఉన్నప్పుడు చదువుదే పైచేయి. అలాగే, పైకి చెప్పని సంగతిని వాక్యాల మధ్య నుంచి ఊహించి పట్టుకోవలసిన ప్రశ్నల్లో కూడా చదువుదే పైచేయి. ఈ మొదటి మెలికే అసలు కథ అని నేననుకుంటాను.

మెదడు చూసిన పుస్తకం

"వినడమూ చదవడమూ మెదడుకు ఒకటే" అన్న మాట ఈమధ్య చాలా చోట్ల కనిపిస్తోంది. దానికి మూలం 2019లో వచ్చిన ఒక పరిశోధన. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఫత్మా డెనిజ్, జాక్ గ్యాలంట్ తదితరులు తొమ్మిది మందిని స్కానర్‌లో పడుకోబెట్టి, అవే కథలను ఒకసారి వినిపించారు, మరోసారి చదివించారు. ఏ అర్థానికి మెదడు పైపొరలో ఏ చోటు స్పందిస్తోందో పటం గీశారు. విన్నప్పటి పటం, చదివినప్పటి పటం దాదాపు ఒకేలా వచ్చాయి.

ఇది నిజంగా ముఖ్యమైన ఫలితం. మాట చెవి నుంచి వచ్చినా కంటి నుంచి వచ్చినా, లోపలికి చేరాక అర్థం ఒకే చోట కుదురుకుంటుందని తేల్చింది. ఇందులో మరీ ఆశ్చర్యపోవలసింది కూడా లేదు. మనిషి మాట్లాడటం ఎప్పుడు మొదలుపెట్టాడో చెప్పలేనంత పాత సంగతి. రాత వయసు మాత్రం అయిదారు వేల ఏళ్లకు మించదు. చదువు కోసం మెదడులో పుట్టుకతో వచ్చిన అర ఏదీ లేదు. స్టానిస్లాస్ డెహాన్ వంటి శాస్త్రవేత్తలు చూపించినట్టు, ముఖాలనూ వస్తువులనూ గుర్తుపట్టే ప్రాంతంలో కొంత భాగాన్ని అక్షరాల కోసం మళ్లించుకుంటాం. అక్కడి నుంచి దారి మాటల కోసం ముందే ఉన్న వ్యవస్థలోకే పోతుంది.

అయితే ఆ ప్రయోగంలో ఒక చిన్న వివరం ఉంది. వార్తల్లో దాన్ని దాదాపు ఎవరూ పట్టించుకోలేదు. చదివేటప్పుడు వాళ్ల ముందు పేజీ లేదు. తెర మధ్యలో ఒక్కో మాట మెరిసి మాయమయ్యేది. ఆ మాట ఆడియోలో ఎంతసేపు పలికిందో తెర మీదా అంతసేపే ఉండేది. రెండు అనుభవాలనూ సరిపోల్చడానికి శాస్త్రవేత్తలకు అది తప్పలేదు. కానీ దాని ఫలితం చూడండి. చదువరి చేతిలోని వేగాన్ని తీసేశారు, వెనక్కి చూసే వీలు తీసేశారు, పేజీ తీసేశారు. చదవడాన్ని వినడంలా మార్చేశాక రెండూ ఒకటేనని తేలింది. ప్రయోగంలో తప్పేమీ లేదు. దాన్ని పట్టుకుని "పుస్తకం ఎలా చదివినా ఒకటే" అనడంలోనే తప్పుంది.

కన్ను చేసే దొంగచాటు పని

చదివేటప్పుడు చూపు వరుస మీద నున్నగా జారిపోతుందని మనకు అనిపిస్తుంది. అది భ్రమ. చూపు గెంతుతుంది. ఒక్కో చోట సెకనులో నాలుగో వంతు నిలబడి మళ్లీ గెంతుతుంది. ఆ గెంతుల్లో నూటికి పది పదిహేను వెనక్కే పడతాయి. దాటిపోయిన మాటను మళ్లీ చూసి, వాక్యాన్ని సరిచేసుకుని ముందుకు వస్తాయి. ఇదంతా చదువరికి తెలియకుండానే జరుగుతుంది.

ఈ వెనుచూపును తీసేస్తే ఏమవుతుంది? 2014లో ఎలిజబెత్ షాటర్, రాండీ ట్రాన్, కీత్ రేనర్ అదే పరీక్షించారు. చూపు దాటిన ప్రతి మాటా తెర మీద చెరిగిపోయేలా ఏర్పాటు చేశారు. వెనక్కి చూసినా కనిపించేది ఏమీ ఉండదు. గ్రహింపు పడిపోయింది. తికమకపెట్టే వాక్యాల్లోనే కాదు, మామూలు వాక్యాల్లో కూడా. ఒక్కో మాటనూ మెరిపించి నిమిషానికి వందల మాటలు చదివిస్తామని అప్పట్లో హడావుడి చేసిన యాప్‌లకు అది గట్టి దెబ్బ.

ఆడియో వినేవాళ్ల పరిస్థితి సరిగ్గా ఇదే. దాటిన ప్రతి మాటా చెరిగిపోతుంది. ముప్పై సెకన్లు వెనక్కి తిప్పే బొత్తాం ఉంది కదా అనవచ్చు. ఉంది. కానీ కన్ను తనంతట తాను క్షణంలో చేసే పనికి ఇక్కడ ఫోను తీయాలి, బొత్తాం నొక్కాలి, అక్కర్లేని ఇరవై సెకన్లు మళ్లీ వినాలి. ఒక మాట కోసం అంత శ్రమ ఎవరూ పడరు. అర్థం అయినట్టే ఉందిలే అనుకుని ముందుకు పోతారు. ఊహించి పట్టుకోవలసిన ప్రశ్నల్లో శ్రోతలు తడబడటానికి ఇదే పెద్ద కారణమని నాకు తోస్తుంది.

వేగం సంగతీ ఇక్కడే చెప్పుకోవాలి. ఇంగ్లిష్ చదువరుల మీద జరిగిన 190 అధ్యయనాలను మార్క్ బ్రైస్‌బార్ట్ 2019లో కలిపి చూస్తే, మౌనంగా చదివే పెద్దవాళ్ల సగటు నిమిషానికి సమాచార రచనల్లో 238 మాటలు, కల్పనా సాహిత్యంలో 260 మాటలు అని తేలింది. ఆడియో పుస్తకాన్ని చదివే గొంతు 150, 160 మాటల దగ్గర నడుస్తుంది. అంటే వినడం నిదానమైన పని. అందుకే చాలామంది వేగం పెంచి వింటారు. దానివల్ల మరీ నష్టమేమీ లేదు. వీడియో పాఠాల మీద 2021లో వచ్చిన ఒక పరిశోధనలో రెండు రెట్ల వేగం దాకా విద్యార్థుల మార్కులు పెద్దగా తగ్గలేదు, రెండున్నర రెట్ల దగ్గర తగ్గాయి. కానీ సగటు వేగం ఇక్కడ అసలు విషయం కాదు. మంచి చదువరి ఏ పుస్తకాన్నీ ఒకే వేగంతో చదవడు. వర్ణనను చప్పున దాటేస్తాడు, వాదం బిగిసిన చోట ఆగిపోతాడు, ఒక్కోసారి వేలు పేజీలో పెట్టి పైకప్పు కేసి చూస్తూ కూర్చుంటాడు. గొంతు అలా ఆగదు. రెండు రెట్ల వేగమైనా ఒకటిన్నర రెట్ల వేగమైనా, పగ్గం శ్రోత చేతిలోకి వచ్చినట్టు కాదు. పట్టుకున్నవాడు తొందరపడుతున్నాడంతే.

పరధ్యానం

2013లో వాటర్లూ విశ్వవిద్యాలయంలో ఒకే రకమైన పాఠాన్ని మూడు విధాలుగా ఇచ్చి చూశారు: మౌనంగా చదవడం, పైకి చదవడం, వినడం. మధ్యమధ్యలో ఆపి "ఇప్పుడు మీ మనసు ఎక్కడుంది?" అని అడిగారు. మనసు ఎక్కువగా దారి తప్పింది వింటున్నప్పుడు. గుర్తున్నది తక్కువ, ఆసక్తి కూడా తక్కువే. పైకి చదివినవాళ్ల మనసు అన్నిటికంటే తక్కువగా చెదిరింది. నోటికీ కంటికీ పని ఉన్నప్పుడు మనసుకు షికారు కుదరదు మరి.

చదివేవాళ్లకు పరధ్యానం ఉండదని కాదు. అరపేజీ చదివాక ఒక్క మాటా గుర్తులేకపోవడం ఎవరికి అనుభవం కాదు? తేడా ఆ తర్వాత వస్తుంది. చదువరికి ఎక్కడ తప్పిపోయాడో దాదాపు తెలుస్తుంది: ఎడమ పేజీలో, కింది నుంచి మూడో పేరా. ఒక సంగతి పేజీలో ఏ మూల ఉందో మనం ప్రయత్నించకుండానే గుర్తుపెట్టుకుంటామని ఎర్నెస్ట్ రోత్‌కోఫ్ 1971లోనే చూపించాడు. 2019లో ఆన్ మాంగెన్ బృందం ఒక పొడవాటి కథను కొందరికి అచ్చులోనూ, కొందరికి ఈ-రీడర్‌లోనూ ఇస్తే చాలా ప్రశ్నల్లో ఇద్దరూ సమానంగానే నిలిచారు. ఏది ముందు జరిగింది, ఏది తర్వాత జరిగింది అన్న దగ్గర మాత్రం అచ్చు చదివినవాళ్లు మెరుగ్గా ఉన్నారు. చేతిలో పేజీల బరువు ఎడమకు మారుతూ ఉంటే, కథలో ఎంత దూరం వచ్చామో వేళ్లకే తెలుస్తుంది. ఆడియోకు ఆ భూగోళం లేదు. "ఐదు గంటల నలభై నిమిషాలు మిగిలింది" అన్న అంకె ఒక్కటే ఉంటుంది.

ఇక పని చేసుకుంటూ వినడం గురించి. దీన్ని కొత్త కాలపు జబ్బుగా చూసేవాళ్లు క్యూబా చుట్టల కార్ఖానాల సంగతి తెలుసుకోవాలి. 1865లో హవానాలో మొదలైన అలవాటు అది. కార్మికులు వరుసగా కూర్చుని పొగాకు చుడుతూ ఉంటే ఒకరు ఎత్తయిన పీట మీద నుంచి వార్తాపత్రికలూ నవలలూ చదివి వినిపించేవారు. ఆ చదివేవారికి జీతం కార్మికులే తమ కూలిలోంచి ఇచ్చుకునేవారు. అక్కడ అది కుదరడానికి కారణం చేతి పని చేతికి అలవడిపోవడం. చుట్ట చుట్టడానికి మాటలు అక్కర్లేదు. నడవడానికీ అంట్లు తోమడానికీ బట్టలు మడవడానికీ కూడా అక్కర్లేదు. కానీ వింటూ వింటూ ఒక సందేశానికి జవాబు రాయాలనుకుంటే రెండు పనులూ మెదడులో ఒకే ఇరుకు సందులో ఎదురవుతాయి. విన్న మాటను రెండు మూడు సెకన్లు లోపల పట్టి ఉంచే సదుపాయం మనకు ఒక్కటే. రాయబోయే మాటకూ అదే కావాలి. అలాంటప్పుడు పుస్తకమే ఓడిపోతుంది. ఎందుకంటే సందేశం ఆగుతుంది, గొంతు ఆగదు.

గొంతు ఇచ్చేది, తీసుకునేది

ఇంతదాకా చెప్పినవన్నీ ఆడియో మీద ఫిర్యాదుల్లా కనిపిస్తే, తక్కెడ రెండో వైపు కూడా చూడాలి. రాతలో లేనిది గొంతులో ఉంటుంది. దాన్ని మన ఆలంకారికులు కాకువు అన్నారు. "చాలా గొప్ప పని చేశావు" అన్న వాక్యం మెచ్చుకోలో దెప్పిపొడుపో కాగితం చెప్పదు. చుట్టూ ఉన్న వాక్యాలను చూసి చదువరే తేల్చుకోవాలి. బాగా చదివి వినిపించేవారి గొంతు ఒక్క ముక్కలో తేల్చేస్తుంది. పొడవైన వాక్యంలో ఏ మాట ఏ మాటతో కలుస్తుందో, ఎక్కడ ఊపిరి పీల్చాలో కూడా గొంతే విడదీసి పెడుతుంది. ఎప్పుడూ వినని యాసలో నడిచే సంభాషణ అయితే చెప్పనే అక్కర్లేదు. కంటితో తడబడేది చెవికి ఇట్టే అందుతుంది.

కానీ ఆ తేల్చడంలోనే మన వంతు కొంత పోతుంది. వాక్యం రెండు వైపులా వంగగలిగినప్పుడు ఏ వైపు వంచాలో ఆ గొంతు మనకు ముందే నిర్ణయించేసింది. ఆడియోలో విన్న నవల ఎప్పుడూ ఇద్దరి చేతి మీదుగా వచ్చినదే. రచయిత ఒకరు, వ్యాఖ్యానించినవారు మరొకరు. నాకు ఇది దోషంగా తోచదు. నాటకం చూసేటప్పుడు నటుడి వ్యాఖ్యానాన్ని ఒప్పుకుంటాం కదా. అయితే ఒక పాత్ర మీద మనకున్న విసుగు రచయిత పుట్టించినదా, చదివినవారి ముక్కు గొంతు పుట్టించినదా అని అప్పుడప్పుడూ అనుమానించడం మంచిది.

దొడ్డిదారి అనే నింద

ఆడియో పుస్తకం వినడం అసలు చదువు కాదు, అది దొడ్డిదారి అన్న మాటను తరచూ వింటుంటాం. ఈ నింద వెనుక ఒక నమ్మకం ఉంది. అక్షరాలను విప్పుకునే శ్రమే చదువులోని గొప్పతనమని. 1986లో ఫిలిప్ గఫ్, విలియం టన్మర్ ఒక సూత్రం చెప్పారు. చదివి గ్రహించడం అంటే అక్షరాలను విప్పగలగడాన్ని భాషను అర్థం చేసుకోగలగడంతో హెచ్చవేసినంత. రెంటిలో ఏది సున్నా అయినా ఫలితం సున్నాయే. చిన్నపిల్లలకు మొదటి భాగమే కొండంత. బాగా చదవడం వచ్చిన పెద్దవాళ్లకు అది ఊపిరి తీసుకున్నంత తేలిక. ఇక వాళ్లను పరీక్షించేది రెండో భాగమే, అది చదివినా విన్నా ఒకటే. కాబట్టి పెద్దవాళ్లు నవల వింటే తప్పించుకున్న కష్టం అంటూ ఏమీ లేదు. తప్పించుకునేది ఉంటే అది పిల్లల విషయంలోనే. విన్నంత మాత్రాన అక్షరాలు రావు, వర్ణక్రమం రాదు, ఒత్తు ఎక్కడ పెట్టాలో తెలియదు.

అలాగని పిల్లలకు పుస్తకాలు వినిపించడం వృథా అనుకోకూడదు. 1988లో డొనాల్డ్ హేస్, మార్గరెట్ ఆరెన్స్ లెక్కపెట్టి చూస్తే, పెద్ద చదువులు చదివిన ఇద్దరు పెద్దవాళ్లు మాట్లాడుకునే మాటల్లో కంటే మామూలు పిల్లల పుస్తకాల్లోనే అరుదైన పదాలు ఎక్కువగా కనిపించాయి. ఆడియో పుస్తకంలో వినిపించేది మాట్లాడే భాష కాదు, రాసిన భాష. ఆ పదసంపద చెవిలో పడ్డా పడినట్టే. చదవడంలో ఇబ్బంది ఉన్న విద్యార్థులకు పాఠాన్ని గట్టిగా చదివి వినిపించే సాధనాలు ఇస్తే గ్రహింపు మెరుగుపడుతుందని 2018లో వచ్చిన ఒక సమగ్ర విశ్లేషణ చెప్పింది. డిస్లెక్సియా ఉన్న పిల్లవాడికి విజ్ఞాన శాస్త్రం రావడానికి అక్షరాలతో కుస్తీ పూర్తయ్యేదాకా ఆగమనడం అన్యాయం.

పరాయి భాష నేర్చుకునేవాళ్ల లెక్క మళ్లీ వేరు. జపాన్‌లో ఇంగ్లిష్ నేర్చుకుంటున్న విద్యార్థుల మీద 2008లో జరిగిన అధ్యయనంలో ఉత్తినే విన్నవాళ్లకు పట్టుబడిన కొత్త మాటలు బహు స్వల్పం. తెలియని భాషలో ఒక మాట ఎక్కడ ముగిసి ఇంకొకటి ఎక్కడ మొదలైందో చెవికి తెలియదు. అచ్చులో ఆ పని మాటల మధ్య ఖాళీ చేసిపెడుతుంది. అలాంటివాళ్లు చూస్తూ వినడం మేలు. సొంత భాషలో బాగా చదవగలవాళ్లకు ఆ జోడింపు వల్ల ఒరిగేది స్వల్పమే. రొగోవ్‌స్కీ ప్రయోగంలో అదీ కనిపించలేదు.

చెవితోనే చదవవలసినవాళ్లు

వాదన అంతా కళ్లున్నవాళ్ల మధ్యే జరుగుతుంది గానీ, ఈ పుస్తకాలు పుట్టింది చూపు లేనివాళ్ల కోసం. ఎడిసన్ 1877లో ఫోనోగ్రాఫ్ కనిపెట్టి, మరుసటి ఏడాది దాని ఉపయోగాల జాబితా రాసినప్పుడే అంధుల కోసం మాట్లాడే పుస్తకాలను అందులో చేర్చాడు. కానీ అప్పటి పరికరంలో కొద్ది నిమిషాలే పట్టేవి. 1930ల నడుమ అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ అంధుల సంస్థలు నెమ్మదిగా తిరిగే ప్రత్యేకమైన రికార్డులు తయారు చేయించుకున్నాకే పుస్తకం పట్టింది. అమెరికా రికార్డులో ఒక్కో వైపు సుమారు పావుగంట. సంగీత ప్రియుల కోసం కొలంబియా కంపెనీ అదే వేగంతో తిరిగే ఎల్పీ రికార్డులను విడుదల చేసింది 1948లో. పాటకంటే పుస్తకం పదేళ్లు పైగా ముందుందన్నమాట.

వాళ్లకు వినడం కాలక్షేపం కాదు. పరీక్షలు రాయాలి, చట్టం చదవాలి, ఎనభయ్యో పేజీలో ఉన్న నిర్వచనాన్ని వెతికి పట్టుకోవాలి. క్యాసెట్టుతో అది నరకం. అందుకే 1996లో కొన్ని దేశాల అంధుల గ్రంథాలయాలు కలిసి డైసీ అనే కూటమిగా ఏర్పడి, కావలసిన చోటును వెతికి పట్టుకునే వీలున్న మాట్లాడే పుస్తకానికి ఒక ప్రమాణాన్ని రూపొందించాయి. ఆ పుస్తకంలో అధ్యాయం నుంచి అధ్యాయానికి, శీర్షిక నుంచి శీర్షికకు, పేజీ నుంచి పేజీకి గెంతవచ్చు. పూర్తి పాఠం కూడా జతచేసి ఉంటే ఒక్కో వాక్యమే వెనక్కి పోవచ్చు, ఒక మాటను వెతకవచ్చు. కన్ను దొంగచాటుగా చేసే పనిని వేళ్లతో చేసే ఏర్పాటు అది. మార్కెట్లో దొరికే మామూలు ఆడియో పుస్తకాల యాప్‌లలో ఇప్పటికీ ఎక్కువగా కనిపించేది సెకన్ల లెక్కన వెనక్కి పోయే బొత్తామే. వాక్యం ఎక్కడ మొదలైందో దానికి పట్టదు.

కాబట్టి ఏ పుస్తకం వినాలి, ఏది చదవాలి అని ఎవరైనా అడిగితే నేను ముందు అడిగేది ఒక్కటే. ఈ పుస్తకంలో ఎన్నిసార్లు వెనక్కి పోవలసి వస్తుంది? ఆత్మకథ, యాత్ర, సంఘటనల వెంట నడిచే చరిత్ర, ఒకసారి చదివి ఇష్టపడ్డ నవల అయితే నిశ్చింతగా వినవచ్చు. రచయితే స్వయంగా చదివిన స్మృతులైతే వినడమే మేలని కూడా అంటాను. తర్కం మెట్టు మీద మెట్టుగా కట్టే పుస్తకం, పట్టికలూ పాదసూచికలూ ఉన్నది, పరీక్షకు పనికి రావలసినది అయితే అచ్చులో దొరుకుతుందేమో చూడమంటాను. దొరకకపోతే, అధ్యాయం అయ్యాక ఆపి, విన్నదాన్ని రెండు ముక్కల్లో పైకి చెప్పుకుని తర్వాతే ముందుకు పొమ్మంటాను.